మొదటి వడ్డన ఎవరికి?

అతిథిని దేవుడిగా చూసుకోమని తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో గురువు శిష్యులకు చెప్పి పంపిన మాట ఇవాళ మన పర్యాటక రంగానికి జెండా అయింది. కేంద్ర పర్యాటక శాఖ ప్రచారంలోనూ అదే వినిపిస్తుంది, పెద్ద హోటళ్ళ గోడల మీదా అదే కనిపిస్తుంది. ఆ మాటను వాడుకోవడం తప్పని నేననను. దారిన పోయేవాడికి నీడ, నీళ్ళు, అన్నం అమర్చడం డబ్బు తీసుకుని చేసినా గౌరవించదగిన పనే. ఒకప్పటి పూటకూళ్ళ ఇళ్ళు చేసిందీ అదే. నా అభ్యంతరమల్లా ఆ మాటను దాని తోబుట్టువుల నుంచి విడదీసి ఒంటరిగా తెచ్చుకున్నామన్నదే. గృహస్థు రోజూ చేయాల్సిన అయిదు యజ్ఞాల్లో అతిథిపూజ ఒకటి మాత్రమే. దానికి ముందు భూతయజ్ఞం ఉంది: ఇంట్లోనూ, ఇంటి చుట్టూనూ బతికే ప్రాణులకు వాటి వాటా వాటికి పెట్టడం. మనుస్మృతి మూడో అధ్యాయం ఈ వరసను తేటగా చెబుతుంది. దేవతలకు అగ్నిలో అర్పించే వైశ్వదేవం అయ్యాక బలిహరణం, అంటే ప్రాణులకు అన్నం ముద్దలు పెట్టడం, అది ముగిశాకే అతిథికి భోజనం. తెలుగునాట వైదిక కుటుంబాల్లో ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ సూత్రంలోనూ వరస ఇదే. అలాంటప్పుడు హోటలు పెట్టినవాడికి, రిసార్టు కట్టినవాడికి ఈ రెండో కర్తవ్యం వర్తించదా? వర్తిస్తుందనీ, అదే ముందు వర్తిస్తుందనీ నా వాదన.

ఆపస్తంబుడు చెప్పిన బలుల్ని కాస్త దగ్గర నుంచి చూస్తే ఈ వరస వెనక ఉన్న ఆలోచన తెలుస్తుంది. అన్నం ముద్దలు ఒకేచోట కుప్పగా పెట్టరు. అగ్ని దగ్గర ఒకటి, నీళ్ళ కుండ దగ్గర ఒకటి, ఇంటి నడుమ, పడక ఉన్న చోట, గడప దగ్గర, తలుపు దగ్గర. ఇల్లు కట్టుకున్నవాడు ఇంటి మూలమూలకూ వెళ్ళి, ఈ చోటు నాకంటే ముందు ఇంకొకరిది అని ప్రతి రోజూ ఒప్పుకుంటున్నాడన్నమాట. ఇది దయ కాదు, బాకీ. దయైతే అతిథి తిన్నాక మిగిలింది పెట్టొచ్చు. బాకీ కాబట్టే అతిథికంటే ముందు తీర్చాలి. తీర్చకుండా వడ్డించిన అన్నం తనది కాదు, పక్కవాడిది. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు అన్న సామెత సరిగ్గా ఇలాంటి ఔదార్యం గురించే పుట్టింది. తాబేలు గుడ్లు పెట్టే ఇసుకను, ఏనుగు నడిచే దారిని, కొంగ గూడు కట్టే చింతచెట్టును ముందే తీసేసుకుని, ఆ స్థలంలో వచ్చినవారికి నమస్కారం పెట్టి పానకం అందించే ఆతిథ్యం ఎంత మర్యాదగా ఉన్నా అసలు యజమానికి చెప్పకుండా చేసిన విందే.

అసలు ఎవరు ఆతిథ్యమిచ్చేవారు, ఎవరు అతిథి అన్నది కూడా మనం అనుకున్నంత తేలిక విషయం కాదు. శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పే కపోతం కథ తెలుగువాళ్ళకు తిక్కన కాలం నుంచీ తెలిసిందే. గాలివానలో చిక్కుకున్న బోయవాడు ఒక చెట్టు కిందికి చేరతాడు. ఆ చెట్టు మీది పావురం భార్య అప్పటికే అతని పంజరంలో ఉంది. అయినా ఆ పావురం అతణ్ణి తన ఇంటికి వచ్చినవాడిగా చూసుకుంటుంది, చలి కాచుకోవడానికి నిప్పు తెచ్చిపెడుతుంది, పెట్టడానికి ఏమీ లేక తానే ఆ నిప్పుల్లో దూకుతుంది. ఈ కథను సాధారణంగా త్యాగానికీ శరణాగతరక్షణకూ ఉదాహరణగా చెప్పుకుంటాం. శరణన్న విభీషణుణ్ణి చేర్చుకునేటప్పుడు రాముడు కూడా ఈ పావురాన్నే తలచుకుంటాడు. కానీ కథలో పాత్రలెవరో ఇంకోసారి చూడండి. ఇల్లు పావురానిది. వచ్చినవాడు మనిషి. అడవిలో మనిషి అతిథి అన్న సంగతి ఆ కథ చెప్పినవాడికి వివరించాల్సిన అవసరమే లేనంత సహజంగా తోచింది. మన రిసార్టులు ఈ సంబంధాన్ని తలకిందులు చేసి, కొండకూ తీరానికీ తామే గృహస్థులమనుకుంటున్నాయి. బోయవాడు ఆ తర్వాత వల, పంజరం వదిలేసి వెళ్ళిపోయాడనీ కథలో ఉంది. ఆతిథ్యం పొందినవాడికీ ఒక బాధ్యత ఉంటుంది.

ఇది మాటల్లో కాక నేల మీద ఎలా ఉంటుందో తెలియాలంటే విశాఖ నుంచి భీమిలి మీదుగా శ్రీకాకుళం దాకా సాగే తీరాన్ని తీసుకుందాం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ ఈ ఇసుక మీదికి వస్తాయి. వెనక కాళ్ళతో కుండలాంటి గుంత తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒంటితో అదిమి, తిరిగి నీళ్ళలోకి వెళ్ళిపోతాయి. పొదిగేది ఇసుక వేడిమే. పిల్ల ఆడదా మగదా అన్నదాన్నీ ఆ వేడే నిర్ణయిస్తుంది. నలభై అయిదు నుంచి అరవై రోజులకు పిల్లలు, చాలావరకు రాత్రిపూటే, ఒక్కుమ్మడిగా పైకి వస్తాయి. అరచేతిలో ఇంకా చోటు మిగిలేంత చిన్న పిల్లలవి. దారి చూపే తల్లి ఉండదు. నేల చీకటిగా, సముద్రం మీది ఆకాశం కాస్త వెలుతురుగా ఉంటుందన్న ఒక్క గుర్తుతో అవి నీళ్ళవైపు నడుస్తాయి. ఎన్నో యుగాలుగా ఆ గుర్తు వాటిని మోసం చేయలేదు. ఇప్పుడు ఒడ్డున హోటలు తోటలో తెల్లటి దీపాలు వెలిగితే అవి వెనక్కి తిరిగి రోడ్డువైపు, ప్రహరీవైపు పాకుతాయి. పీతలు, కాకులు, కుక్కలు పట్టుకోగా మిగిలినవి తెల్లారేసరికి ఎండకు ఒంట్లో నీరు ఇంకి చచ్చిపోతాయి. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. అతిథి చీకట్లో తడబడకూడదని పెట్టిన దీపాలే అవి. అతిథి సేవను మొదటి స్థానంలో నిలబెట్టి, ప్రాణుల వాటాను మరచిపోతే ఎంత మంచి ఉద్దేశమైనా ఎలా చేటు చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నాకు తెలియదు.

దీన్ని సరిచేయడానికి మహా త్యాగాలేమీ అక్కర్లేదు. సముద్రంవైపు దీపాలకు పైకప్పులు వేసి కాంతిని నేలకు దించడం, ఆ నెలల్లో తెల్లదీపాల బదులు పసుపు, నారింజ రంగు దీపాలు వాడటం, గదుల కిటికీలకు మందపాటి తెరలు కట్టడం, పొద్దుగూకాక కుర్చీలూ గొడుగులూ ఇసుక మీద నుంచి తీసేయడం, ఒడ్డును యంత్రాలతో చదును చేయకపోవడం. వంటింటి వ్యర్థాలను బయట పారబోయకపోవడం మరీ ముఖ్యం. ఆ ఎంగిలి తిని పెరిగిన కుక్కల గుంపులే గూళ్ళు తవ్వి గుడ్లు తింటాయి. పునరుద్ధరణ దగ్గరికి వస్తే, పచ్చిక బయళ్ళు పీకి ఇసుకదిబ్బను మళ్ళీ ఇసుకదిబ్బగా ఉండనివ్వాలి. బాలబంద తీగ లాంటివి ఆ దిబ్బను పట్టి ఉంచుతాయి. ఆటుపోట్ల గీత దాకా సరుగుడు నాటడం పచ్చదనం కాదు, తాబేలుకు అడ్డుగోడ. ఇదే తీరంలోని రుషికొండ విషయంలో పాత రిసార్టు కూల్చి, కొండ తవ్వి కొత్త భవనాలు కట్టినప్పుడు తగువు కోర్టులకెక్కింది, ఏళ్ళ తరబడి రాజకీయ రచ్చ సాగింది. ఎంత ఖర్చయింది, అందులో ఎవరుండాలి అన్నదే ఎక్కువగా వినిపించిన చర్చ. ఆ వాలు మీద ఏ పొదలుండేవి, ఏ పిట్టలు గూళ్ళు పెట్టేవి అని అడిగిన గొంతులు బహు తక్కువ. ఆ మౌనం ఏ ఒక్క పార్టీదో కాదు, మనందరిదీ.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది, దాన్ని తప్పించుకుని ముందుకు వెళ్ళలేను. ప్రాణులకు బలి పెట్టమన్న ఆ మనుస్మృతి శ్లోకమే కుక్కలు, కాకులు, పురుగుల వరసలో కులం నుంచి వెలివేసినవారినీ, రోగగ్రస్తులనూ కలిపి నిలబెట్టింది. అలాంటి గ్రంథం నుంచి ధర్మం నేర్చుకోవాలా అని అడిగేవారి కోపం న్యాయమైనది. నేను ఆ గ్రంథం నుంచి వడ్డన వరసను మాత్రమే తీసుకుంటున్నాను, మనుషుల్లో పెట్టిన తారతమ్యాన్ని కాదు. ఆ తారతమ్యానికి జవాబు సంప్రదాయంలోనే ఉంది. భాగవతం నవమస్కంధంలో రంతిదేవుడనే రాజు నలభై ఎనిమిది రోజులు పస్తుండి, దొరికిన అన్నాన్ని ఒక్కొక్కరికే పంచుతూ, కుక్కలతో వచ్చినవాడికి మిగిలిందంతా పెట్టి, ఆ కుక్కలకూ వాటి యజమానికీ కూడా నమస్కరిస్తాడు. చివరి గుక్కెడు నీళ్ళు ఊరి బయటివాడి దప్పికకే పోతాయి. పోతన తెలుగులో చదివినవారికి ఆ ఘట్టం మరపురాదు. ఈ ఆక్షేపణ పాత పుస్తకాలతో ఆగిపోదు కూడా. ఇవాళ జీవవైవిధ్యం పేరు చెప్పి అడవి నుంచి చెంచుల్ని, కొండరెడ్లను తప్పించి, ఆ ఖాళీలో ఖరీదైన గుడారాలు వేస్తే మనం ఆ పాత అన్యాయాన్నే కొత్త బోర్డు కింద చేస్తున్నట్టు. మన్యంలో కొత్తల పండుగలో దేవతకు నివేదించందే మామిడికాయ ముట్టరు. కాయ ముదిరి, టెంక గట్టిపడేదాకా కోతను ఆపే కట్టుబాటు అది. మొదటి వడ్డన మనది కాదన్న ఎరుక అక్కడ ఏ సంస్కృత గ్రంథం అవసరం లేకుండానే బతికి ఉంది. అలాంటివారిని గార్డులుగానో, వంటవాళ్ళుగానో కాక, ఏ చోటు వదిలేయాలో నిర్ణయించేవారిగా కూర్చోబెట్టినప్పుడే రిసార్టు యజమాని భూతయజ్ఞం మొదలుపెట్టినట్టు.

రెండో ఆక్షేపణ లాభం గురించి. డబ్బు కోసం చేసే పుణ్యం పుణ్యమా, పక్షి బొమ్మ బోర్డు మీద వేసుకుని గది అద్దె పెంచడం కాదా అంటారు. పుణ్యం లెక్కలోకి వస్తే ఈ ప్రశ్నకు బలముంది. బాకీ లెక్కలో లేదు. బాకీ తీర్చేవాడి మనసులో ఏముందని అప్పిచ్చినవాడు అడగడు, సొమ్ము ముట్టిందా లేదా అని చూసుకుంటాడు. కాబట్టి ఇలాంటి హోటలును తూచడానికి యజమాని భక్తి కాదు, ఆ చోట ప్రాణులు పెరిగాయా తగ్గాయా అన్నదే తూనికరాయి. సీషెల్స్ దేశంలో ఫ్రెగేట్ అనే చిన్న దీవి ఉంది. అక్కడ మన పెద్ద నల్లంచికి చుట్టమైన ఒక నల్ల పిట్ట, రెక్క మీద తెల్ల మచ్చతో, అడవి నేల మీది రాలిన ఆకుల్లో పురుగులు ఏరుకుతింటూ బతుకుతుంది. పిల్లులు, ఎలుకలు వచ్చిన దీవులన్నిటా అది అంతరించి, 1960లలో ప్రపంచం మొత్తం మీద పదిహేనుకు మించకుండా ఈ ఒక్క దీవిలోనే మిగిలింది. పక్షిశాస్త్రవేత్తల కృషితో కోలుకుంటున్న వేళ, 1995లో ఎలుకలు ఈ దీవి మీదా దిగాయి. సొంత దీవిలో హోటలు నడుపుతున్న యాజమాన్యం శాస్త్రవేత్తలతో కలిసి 2000లో ఎలుకల్ని పూర్తిగా నిర్మూలించింది. విదేశీ మొక్కలు తీసి దేశీయ చెట్లు నాటించింది. పిట్టను వేరే దీవులకూ తీసుకెళ్ళి వదిలారు. ఇప్పుడది అయిదు దీవుల్లో వందల సంఖ్యలో ఉంది. 2005లోనే దాన్ని తీవ్ర అపాయం నుంచి ఒక మెట్టు దించి నమోదు చేశారు. ఇక్కడ ఆతిథ్యానికో కొత్త నియమం తోడైంది: అతిథి పెట్టె, కూరగాయల బుట్ట, సిమెంటు బస్తా, ఏది ఒడ్డుకొచ్చినా అందులో ఎలుక దాగి ఉందేమోనని ముందు వెతకాలి. వచ్చినవాడికి స్వాగతం చెప్పే ముందు, అతని వెంట వచ్చే చేటు నుంచి ఇంటివారిని కాపాడటం అది.

ఇండోనేషియాలో రాజా అంపత్ దీవుల్లోని మిసూల్ కథ ఇంకో రకం. సొరచేపల రెక్కలు కోసే శిబిరంగా వాడిన ఒక చిన్న దీవిని అక్కడి ఊరివారి దగ్గర లీజుకు తీసుకుని రిసార్టు కట్టారు. చుట్టూ ఉన్న సముద్రంలో వేట పూర్తిగా ఆపడం ఆ ఒప్పందంలో భాగం. కాపలా పడవల్లో తిరిగేది స్థానికులే. కొన్నేళ్ళకే ఆ నీళ్ళలో చేపల రాశి రెండింతలు దాటిందని సర్వేలు చూపాయి. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది దానికి ముందే అక్కడున్న ఆచారం. ఆ ప్రాంతంలో సాసి అని ఉంది. సముద్రంలో ఒక భాగాన్ని కొన్ని నెలలో, ఏళ్ళో మూసేస్తారు. ఇప్పుడు క్రైస్తవ గ్రామాల్లో ఆ మూసివేతను చర్చిలో ప్రార్థనతో ప్రకటించి, ప్రార్థనతోనే తెరుస్తారు. మతం మారింది, వేట పద్ధతులు మారాయి, ముందు సముద్రానికి వదలాలన్న నియమం మాత్రం నిలిచింది. మన గ్రంథాల్లోని వరసను నేను మనవారికే పరిమితమైన గొప్పగా చెప్పడం లేదనడానికి ఇంతకంటే వేరే నిదర్శనం అక్కర్లేదు.

ఈ ఉదాహరణలు చూపించి ఎక్కడైనా రిసార్టు కట్టొచ్చని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. మూడో ఆక్షేపణ సరిగ్గా అక్కడే ఉంది: అన్నిటికంటే మంచి రిసార్టు కట్టని రిసార్టే కదా అని. చాలాచోట్ల ఇది నిజం. నీలగిరుల కింద సిగూరు పీఠభూమి పడమటి కనుమల్నీ తూర్పు కనుమల్నీ కలిపే ఏనుగుల దారి. ఒక పక్క నిటారు కొండలు, ఇంకో పక్క మోయార్ లోయ, నడుమ ఇరుకైన నేల. అక్కడ పదుల సంఖ్యలో రిసార్టులు వెలిశాయి, కంచెలు వేశాయి. తమిళనాడు ప్రభుత్వం 2010లో దాన్ని ఏనుగుల నడవగా ప్రకటించింది, మద్రాసు హైకోర్టు 2011లో సమర్థించింది. చివరికి 2020 అక్టోబరు 14న సుప్రీంకోర్టు కూడా రిసార్టుల వాదనను తోసిపుచ్చింది. ఏనుగుల మందను నడిపించే పెద్ద ఆడ ఏనుగు తన తల్లి వెంట నడిచి నేర్చుకున్న దారిని మార్చుకోలేదు. అలాంటి చోట దీపాలు తగ్గించడం, దేశీయ మొక్కలు నాటడం ఏమీ పరిహారం కాదు. ఇంటివాడు నడిచే ఒకే ఒక్క గుమ్మంలో మంచం వేసుకుని పడుకున్న అతిథి ఎంత నెమ్మదస్తుడైనా లేవాల్సిందే. ఫ్రెగేట్, మిసూల్ వేరు. అక్కడ మనిషి చేసిన చేటు ముందే ఉంది. ఎలుకల్నో, రెక్కలు కోసేవారినో వెళ్ళగొట్టి ఏళ్ళ తరబడి కాపలా కాయడానికి డబ్బు, మనుషులు కావాలి, అవి హోటలు నుంచి వచ్చాయి. కాబట్టి అడగాల్సింది రిసార్టు మంచిదా చెడ్డదా అని కాదు. ఈ చోట రిసార్టు లేకపోతే ప్రాణుల పరిస్థితి మెరుగ్గా ఉంటుందా, అధ్వానంగా ఉంటుందా అని. దానికి నిజాయితీగా జవాబు చెప్పాక, కట్టకుండా ఉండటం కూడా భూతయజ్ఞంలో భాగమే.

ఉపాధి మాట ఎత్తేవారికి కూడా జవాబు చెప్పాలి. ఉత్తరాంధ్ర కుర్రాళ్ళు పనికోసం చెన్నైకీ సూరత్‌కీ పోతున్న కాలంలో తాబేలు గుడ్ల గురించి మాట్లాడటం తిండికి లోటులేనివారి ఆలోచన అన్న మాటలో బాధ ఉంది. అయితే అదే శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం ఉంది. శీతాకాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. చెట్టు కింద రెట్ట తెల్లగా పేరుకుంటుంది, జారిపడిన చేపల కంపు ఇళ్ళలోకి వస్తుంది. ఆ ఊరివారు వాటిని తరమరు. పక్షుల రాక ఊరికి మేలని నమ్ముతారు. అటు పెనుకొండ వైపు వీరాపురంలోనూ కొంగలకు ఇదే మర్యాద. ఏ స్టార్ గుర్తింపూ లేని ఈ పేద ఊళ్ళు భూతయజ్ఞాన్ని ఖర్చు లెక్క చూసుకోకుండా చేస్తున్నాయి. ఆ ఊళ్ళ పక్కన నాలుగు గదుల వసతిగృహం కట్టి, దాని ఆదాయంలో ముందు వాటా ఆ చింతచెట్లకూ, పక్షులు మేసే చెరువులకూ, ఆ ఇళ్ళ కప్పులకూ పెడితే ఉపాధికీ ప్రాణికీ తగువే ఉండదు. తగువు వచ్చేది ఊరివారిని కాదని బయటి పెట్టుబడి వచ్చి, పక్షిని చూపించి, లాభాన్ని పట్టణానికి మోసుకుపోయినప్పుడు.

ఇప్పుడు మన రెండు రాష్ట్రాలూ పర్యాటకాన్ని పెద్ద ఎత్తున పిలుస్తున్నాయి. పెట్టుబడులకు రాయితీలు, భూములు సిద్ధమవుతున్నాయి. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరాల్లో నిర్మాణ నిషేధ హద్దును 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించేసింది. చట్టం గీసిన గీత దాటకపోవడమే ధర్మమనుకుంటే ఆ 150 మీటర్ల ఇసుక ఇప్పుడు ఎవరిదీ కాదు. భూతయజ్ఞం దృష్టిలో మాత్రం అది ఇంకా తాబేలుదే. భూమి కేటాయించే ముందు ఆ చోట ఏమేం బతుకుతున్నాయో ఏడాది పొడవునా, నెలనెలా, ఆ ఊరి జాలరులతోనూ గిరిజనులతోనూ కలిసి రాసుకోవాలి. దానికయ్యే ఖర్చు కట్టబోయేవాడు భరించాలి, నివేదిక తెలుగులో గ్రామసభ ముందు చదవాలి. ఒక్క రుతువు చూసి తేల్చేసే నివేదికలు చాలవు. తాబేళ్ళ కాలం దాటాక జూన్‌లో కొలవడానికి వెళ్ళినవారికి భీమిలి ఒడ్డు ఖాళీ ఇసుకలాగే కనిపిస్తుంది. పక్షులు వెళ్ళిపోయాక తేలినీలాపురం చింతచెట్లు ఉత్త చింతచెట్లే. ఆ కాగితం మీద అక్కడ ఎవరూ లేరని రాయడం అబద్ధం కాకపోవచ్చు. ఇంటివారు ఊళ్ళో లేని రోజు చూసి తాళం పగలగొట్టడానికి మాత్రం అది అనుమతి అవుతుంది.